గుహలోకి వెళ్ళే ముందు గుమ్మంలో చెప్పవలసిన మాట

సెలవు రోజున ఫజ్ర్ నమాజు ముగించుకొని మేము ఖాజాగూడ గుట్టల వైపు నడకకు వెళ్ళడం చాలాకాలంగా అలవాటు. హైటెక్ సిటీలో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత ఈ ప్రాంతంలో ఎన్నో బండలు పగిలి మేడలయ్యాయి. మిగిలిన కొద్ది గుట్టల్లో ఇదొకటి. ఈ గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఒకదానిపై ఒకటి ఒరిగిన ఆ బండల నడుమ మనిషి దూరగలిగినన్ని సందులూ, గుహల వంటి చీకటి గదులూ ఉన్నాయి. ఐటీ కార్యాలయాల్లో వారమంతా తెర ముందు కూర్చునే యువకులు సెలవు దొరికితే వీటిలోకి దూరి, పాకి, పైకెక్కి సంతోషపడతారు. మా పెద్దబ్బాయి వారిలో ఒకడు.

గత వేసవిలో ఒకనాడు అస్ర్ తర్వాత అతడు ఒంటరిగా అక్కడికి వెళ్ళాడు. ఒక సందులోకి దిగుతుండగా కాలు జారి మడమ బెణికింది. చేతిలోని ఫోను ఇంకా లోతైన చీలికలో పడిపోయింది. ఉన్న దీపం కూడా ఆ ఫోనే. మగ్రిబ్ అజాన్ అతనికి వినిపించింది. అతని కేకలు మాత్రం ఎవరికీ వినిపించలేదు. ఇంట్లో మేము నిశ్చింతగా ఉన్నాము. ఆఫీసులో ఆలస్యమవడం వాడికి మామూలే కదా అనుకున్నాము. చీకటిపడ్డాక గుట్ట దిగుతున్న ఇద్దరు యువకులు ఆ పిలుపు విని అతన్ని పైకి లాగారు. లక్షలాది మంది పనిచేసే నగరభాగంలో, రోడ్డు మీది వాహనాల చప్పుడు వినిపించేంత దగ్గరలో, మా బిడ్డ నాలుగు గంటలు ఎవరికీ తెలియకుండా ఉండిపోయాడు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఇక ఆ సరదా మానిపించాలనే నిశ్చయించుకున్నాము. అతడు ఎదురు చెప్పలేదు. "వద్దంటే మానేస్తాను అమ్మీ. కానీ ఒక్కసారి మీరూ అబ్బా నాతో వచ్చి, నేను దేనికోసం వెళుతున్నానో చూడండి" అన్నాడు. అలా చలికాలంలో మేము ముగ్గురం కర్నూలు, బనగానపల్లె మీదుగా నంద్యాల జిల్లాలోని బెలుం గుహలకు ప్రయాణమయ్యాము.

దూరం నుంచి చూస్తే అక్కడ కొండ లేదు. పొలాల మధ్య నేలలో బావుల వంటి గోతులు ఉన్నాయి. వాటిలో ఒకదాని మెట్లు దిగితే గుహ మొదలవుతుంది. గ్రానైటు నీటికి కరగదు, సున్నపురాయి కరుగుతుంది. వాననీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని స్వల్పంగా ఆమ్లమై, రాతి పగుళ్ళను లక్షల సంవత్సరాలు తొలుస్తూ ఈ దారులను ఏర్పరచింది. పైకప్పు నుంచి జారే ఒక్కొక్క చుక్క తనలోని సున్నాన్ని వదలి రాతి ఊడలను అల్లింది. సృష్టికర్తకు తొందర లేదన్న సంగతి అక్కడ మాకు తెలిసివచ్చింది.

1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఈ గుహలను గురించి రాశాడు. 1982, 1983లలో డేనియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మన్ బృందం వీటిని వివరంగా కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. 2002 నుంచి సందర్శకులను అనుమతిస్తున్నారు. ప్రజలు చూడగలిగేది సుమారు కిలోమీటరున్నర మాత్రమే. అన్నిటికంటే లోతైన పాతాళగంగ వద్దకు చేరేసరికి గాలి బరువెక్కి, బట్టలు చెమటతో తడిసిపోయాయి. అక్కడ ఒక పక్కన దీపాలు లేని దారి కనిపించింది. దానివైపు చూస్తూ మా అబ్బాయి మెల్లగా, "ముందు వెళ్ళినవారు ఇలాంటి చీకటిలో పాకుతూ కొలిచారు అబ్బా" అన్నాడు. అతని ముఖంలో ఉన్నది దుడుకుతనం కాదు, ఆశ్చర్యం. దాన్ని చంపడానికి మాకు మనసొప్పలేదు.

అయితే ఆశ్చర్యం ఒక్కటే మనిషిని బయటికి తీసుకురాదు. 2018 జూన్ 23న థాయిలాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలోకి 12 మంది బాలురు, వారి ఫుట్‌బాల్ శిక్షకుడు వెళ్ళారు. వాననీరు దారి మూసివేసింది. గుహ ముందు వదిలిన సైకిళ్ళే వారు లోపల ఉన్నారని తెలియజేశాయి. జూలై 2న వారి జాడ దొరికింది. జూలై 10 నాటికి 13 మందీ క్షేమంగా బయటికి వచ్చారు. కానీ వారికోసం వెళ్ళిన ఒక మాజీ నౌకాదళ ఈతగాడు ప్రాణం కోల్పోయాడు. ఒకరి సాహసానికి మరొకరు మూల్యం చెల్లించవలసి రావచ్చు.

అందుకే అనుభవజ్ఞులు కొన్ని నియమాలు పాటిస్తారు. ఒంటరిగా వెళ్ళరు, ముగ్గురు నలుగురు ఉంటే ఒకరు గాయపడినా ఒకరు తోడుండి, మరొకరు సాయం కోసం వెళ్ళగలరు. తలకు హెల్మెట్, ఒక్కొక్కరికి మూడేసి దీపాలు తప్పనిసరి. వానాకాలంలో దిగరు, వాన ఎక్కడో కురిసినా నీరు గుహలోకి రావచ్చు. ఆయాసం, తలనొప్పి కలిగితే చెడుగాలి ఉందని గ్రహించి వెనుదిరుగుతారు. గబ్బిలాల రెట్టల ధూళి పీల్చితే ఊపిరితిత్తులకు వ్యాధి సోకవచ్చు గనుక దానికి దూరంగా ఉంటారు. అన్నిటికంటే ముందు, ఏ గుహకు, ఎవరితో వెళుతున్నారో, ఎన్ని గంటలకు తిరిగివస్తారో బయట ఒకరికి చెప్పి వెళతారు. ఆ సమయం దాటితే వెదకడం మొదలవుతుంది.

తిరుగు ప్రయాణంలో మేము సౌర్ గుహను గుర్తుచేసుకున్నాము. హిజ్రత్ వేళ మహాప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (రజి) అందులో మూడు రాత్రులు గడిపారని మనందరికీ తెలుసు. ఆ గుహ బయట ఎందరున్నారో అంతగా తలచుకోము. అబ్దుల్లాహ్ బిన్ అబీబక్ర్ (రజి) రాత్రివేళ మక్కా కబుర్లు తెచ్చేవారు. అస్మా (రజి) ఆహారం అందించారు. ఆమిర్ బిన్ ఫుహైరా (రజి) మేకలను తోలుకొచ్చి పాలు అందించేవారు. ఆ మందతో అడుగుజాడలు చెరిగిపోయేవి. దారి బాగా తెలిసిన అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్, ముస్లిం కాకపోయినా, చెప్పిన గడువుకు ఒంటెలతో వచ్చాడు. అల్లాహ్‌పై అంతటి నమ్మకం ఉన్నవారు సైతం ఒక్క ఏర్పాటునూ విడిచిపెట్టలేదు. ఇది వింటూ మా అబ్బాయి చాలాసేపు మౌనంగా ఉన్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం ఉంటుంది. గత ఆదివారం దాని మీద అతని చేతివ్రాత కనిపించింది: "ఖాజాగూడ. నలుగురం. మగ్రిబ్‌కు ముందే ఇంట్లో." కింద ముగ్గురు స్నేహితుల ఫోను నంబర్లు ఉన్నాయి. సాయంత్రం మేము గడియారం చూస్తూనే ఉన్నాము. అజాన్‌కు ఇరవై నిమిషాల ముందు, మోకాళ్ళ నిండా దుమ్ముతో అతడు గుమ్మంలో నిలబడి సలాం చెప్పాడు.