రంగుల దుబాసి

మానిటర్ అనగానే మా విద్యార్థులకు తరగతి పెద్ద గుర్తుకు వస్తాడు. మేము చెప్పబోయేది అతనిని గురించి కాదు, కంప్యూటరు తెరను గురించి. అయినా ఈ రెండింటికీ పోలిక లేకపోలేదు. అధ్యాపకుడు లేని వేళ తరగతిలో జరిగినది ఉన్నదున్నట్లు చెప్పేవాడే మంచి మానిటరు. స్నేహితుల అల్లరిని దాచి, గిట్టనివారి పేర్లను బోర్డుమీద పెద్దక్షరాలతో వ్రాసేవాడు ఎంత చురుకైనవాడైనా ఆ పనికి తగడు.

ఈ సంచిక కొరకు పాత ఛాయాచిత్రాలను సేకరించి, స్కాను చేసి, మరకలు తొలగించి ముద్రణకు సిద్ధపరచే పనిని కళాశాల సంఘంవారు మాకు అప్పగించారు. తెలుగు చెప్పేవారికి ఈ పని ఏమిటని సహాధ్యాపకులు కొందరు నవ్వారు. ఎం.ఏ. చదివే రోజులలో హాస్టలు మిత్రుని వద్ద ఫోటోషాప్ నేర్చుకొన్నాము. ఆ విద్య ఇన్నాళ్ళకు అక్కరకు వచ్చింది. సంపాదకవర్గం గదిలోని పాత తెర ఈ పనికి చాలదని విన్నవించగా, కొత్తదానికి 20,000 రూపాయలు మంజూరైనాయి. విద్యార్థుల రుసుముల నుండి వచ్చిన సొమ్ము గనుక ప్రతి రూపాయికీ సమాధానం చెప్పుకోవలసినదే.

చేరిన చిత్రాలలో ఒకటి మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. బి.కాం. రెండవ సంవత్సరం విద్యార్థిని ఒక రంగుల ఫోటో తెచ్చి, "మా దాదా ఈ కాలేజీలోనే చదివారు సార్. ఇప్పుడు లేరు. ఇంట్లో ఉన్న ఫోటో ఇదొక్కటే" అన్నది. 1980 ప్రాంతపు ఫోటో అది. ముఖం, షేర్వానీ, వెనుక గోడ అన్నీ ఇటుకరంగుకు తిరిగిపోయాయి. ఆనాటి రంగుల కాగితంలో సయాన్ అనే నీలి, మెజెంటా, పసుపు అని మూడు వర్ణాల పొరలు ఉండేవి. పెట్టె అడుగున చీకటిలో దాచినా చాలా కాగితాలలో ముందుగా నీలి పొర క్షీణిస్తుంది. కంటికి మిగిలేది ఎరుపు. దానిని బాగుచేయడమనగా పోయిన నీలిని తిరిగి కలపడమే. ఎంత కలపాలి? తెర తనంత తానే కొంత నీలిగా చూపే రకమైతే మేము తక్కువ కలుపుతాము. అచ్చులో ఆ పెద్దమనిషి మళ్ళీ ఎర్రబడతాడు.

"షేర్వానీ ఏ రంగుదమ్మా?" అని అడిగాము. "దాదీని అడిగి చెప్తాను సార్" అని వెళ్ళి, మరునాడు వచ్చి, "ముదురు ఆకుపచ్చట సార్. పెళ్ళినాటిదట. నల్లగా మాత్రం వేయవద్దన్నారు" అన్నది.

రెండు భాషల మధ్య మెలిగే మన కళాశాలవారికి దుబాసి అంటే ఎవరో చెప్పనక్కరలేదు. కంప్యూటరులోని చిత్రం నిజానికి అంకెల వరుస. ఆ అంకెలను మన కంటికి రంగులుగా చెప్పేది తెర. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై 'ముసవ్విర్ జంగ్' బిరుదందుకొన్న రాజా దీన్‌దయాళ్ (1844–1905)కు ఇట్టి దుబాసితో పని లేకపోయింది. గాజుపలక, దాని నుండి కాగితం మీదికి దిగిన బొమ్మ రెండూ ఆయన కన్నుల ఎదుటనే ఉండేవి. మనకు అట్లు కాదు. దుబాసి సొంత మాటలు కలిపితే పట్టుకొనే దారి సులభంగా దొరకదు.

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళాము. దుకాణంలో ప్రతి తెరమీదా చిలుకలు, జలపాతాలు, మంచుకొండలు. "ఏది బాగుంది సార్?" అని కుర్రవాడు అడిగాడు. అన్నీ బాగున్నాయి, చిక్కంతా అక్కడే ఉన్నది. చిలుకను ఉన్నదానికంటె పచ్చగా చూపడానికి పెద్ద నేర్పు అక్కరలేదు. మేము పెన్‌డ్రైవులో తీసికొనిపోయిన వాటిని పెట్టమన్నాము: నలుపు నుండి తెలుపు వరకు మెట్లుమెట్లుగా ఉన్న బూడిదరంగు పట్టీ, చామనచాయ ముఖాలున్న తరగతి ఫోటో, స్కాను చేసిన ఆ షేర్వానీ. కుర్రవాడు జాలిగా చూశాడుగాని పెట్టాడు. ఒక తెరమీద బూడిదపట్టీ నడుమ గులాబీ జీర తొంగిచూసింది. మరొకదానిమీద చివరి నాలుగు మెట్లు కలిసి ఒకే నలుపైనాయి. షేర్వానీ కూడా అందులో మునిగిపోయింది.

తెరలలో ముఖ్యంగా మూడు జాతులు. టీఎన్ చవక, తల కొంచెం పైకెత్తినా, దించినా రంగు మారిపోతుంది. వీఏలో నలుపు గాఢంగా ఉంటుందిగాని పక్కనుండి చూస్తే ఛాయలు మారుతాయి. ఐపీఎస్ (ఇక్కడ ఇది పోలీసు ఉద్యోగం కాదు) ఏ కోణం నుండి చూసినా రంగు దాదాపు నిలుపుకొంటుంది. ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చొని చూసే సంపాదకవర్గానికి ఐపీఎస్ తప్ప గతి లేదు.

రంగుల విస్తృతిని శాతాలలో చెబుతారు. ఇక్కడ కొంత జాగ్రత్త అవసరం. ఒక పెట్టెమీద '72 శాతం ఎన్‌టీఎస్‌సీ' అనీ, మరొకదానిమీద '100 శాతం ఎస్‌ఆర్‌జీబీ' అనీ ఉంటే రెండవది ఎంతో మేలనిపిస్తుంది. మొదటిది అమెరికా టెలివిజను కొరకు 1953లో ఏర్పడిన పెద్ద కొలపాత్ర. రెండవది 1996లో హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు ప్రతిపాదించిన చిన్న పాత్ర. పెద్దదానిలో 72 శాతం సుమారుగా చిన్నదాని నిండుకు సమానం. విడిచిపెట్టవలసినది '45 శాతం' అన్న తెరను. 1998 నాటి అడోబీ ఆర్‌జీబీ ఇంకా విశాలమైనది; కళాగ్రంథాలు అచ్చువేసేవారికి కావలసి రావచ్చు, మా సంచికకు ఎస్‌ఆర్‌జీబీ చాలును. రంగులోని తేడాను 'డెల్టా ఈ' అనే అంకెతో చెబుతారు. అది 2కు లోపుంటే సామాన్యమైన కన్ను పోల్చడం కష్టం.

సెకనుకు 165 సార్లు బొమ్మ మార్చే తెరను కుర్రవాడు ఎంతో మెచ్చుకొన్నాడు. అది ఆటలాడేవారికి. కదలని దాదాసాహెబుకు అంత వేగమెందుకు? 27 అంగుళాల కొలతలో 1920×1080 చుక్కలే ఉన్నదానినీ వద్దన్నాము, చుక్కలు మరీ పెద్దవైపోతాయి. చివరకు 24 అంగుళాల, 1920×1200 చుక్కల ఐపీఎస్ తెర తీసికొన్నాము. సొమ్ములో కొంత మిగిలింది.

తెచ్చిన తెరను అట్లే వాడరాదు. కొత్త తెరలు చాలావరకు దుకాణపు వెలుగుకు తగినట్లు మితిమీరిన కాంతితో వస్తాయి. ఆ కాంతిలో చూసి ముఖాలు తెల్లగా ఉన్నవని తృప్తిపడితే, తనకు వెలుగు లేని కాగితంమీద అవే ముఖాలు మసిబారుతాయి. ముద్రణ పనికి చదరపు మీటరుకు 80 నుండి 120 కాండెలాల కాంతి చాలునంటారు. మేము గది దీపం కింద తెల్లకాగితం పట్టుకొని, తెరమీది తెలుపు దానికి సరిపోయేవరకు కాంతిని తగ్గించాము. కిటికీ వెలుగు పడకుండా బల్లను మరొక గోడకు జరిపాము. షేర్వానీ మడతలలో ఆకుపచ్చ అప్పుడు కనిపించింది. దాదీకి చూపించమని నమూనా ప్రతి ఒకటి పంపాము. "కాలరు దగ్గర ఇంకొంచెం ముదురు" అని కబురు వచ్చింది, అదీ సవరించాము.

తెరలు వయసుతో రంగు తప్పుతాయి గనుక కలరీమీటరు అనే చిన్న కొలత పరికరంతో అప్పుడప్పుడు సరిచూడాలి. ప్రస్తుతం దానిని తెలిసిన స్టూడియోవారి నుండి ఎరువు తెచ్చుకొంటున్నాము. మిగిలిన సొమ్ము దాని వెలకు చాలదు. ఈ పుటలను సంఘంవారు కూడా చదువుతారని మాకు తెలియును.