రాగ్లన్ అలలు

న్యూజిలాండ్ ఉత్తర దీవికి పడమటి ఒడ్డున, హామిల్టన్ నగరానికి దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో రాగ్లన్ అనే చిన్న ఊరుంది. జనాభా కొన్ని వేలకు మించదు. ఊరిని ఆనుకుని నేలలోకి చొచ్చుకొచ్చిన రేవు, నైరుతి దిక్కున 756 మీటర్ల ఎత్తున కరియోయి కొండ, ఆ కొండ పాదాల దగ్గర టాస్మన్ సముద్రం. ఈ రేవుకు మావోరీలు పెట్టుకున్న పేరు ఫాయింగరోవా. క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సేనల్ని నడిపిన లార్డ్ రాగ్లన్ పేరు ఊరికి తరవాత వచ్చింది. సర్ఫింగ్ అంటే ప్రాణం పెట్టేవాళ్లు మాత్రం ప్రపంచంలో ఏ మూల ఉన్నా ఈ ఊరిని దాని అలలతోనే గుర్తుపడతారు.

ఆ అలలు పుట్టేది రాగ్లన్‌లో కాదు. అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రంలో ఏడాది పొడవునా పెద్ద పెద్ద తుఫాన్లు తిరుగుతుంటాయి. అక్కడి గాలి రేపిన అలలు వేల కిలోమీటర్లు ప్రయాణం చేస్తాయి. దారిలో చిల్లర అలలు అణగిపోతాయి. పొడుగాటి, బలమైన అలలు వరస కట్టి మిగులుతాయి. నైరుతి నుంచి వచ్చే ఆ వరసలే రాగ్లన్ తీరాన్ని తాకుతాయి. ఇదే మహాసముద్రంలో పుట్టిన అలలు కొన్ని హిందూ మహాసముద్రం మీదుగా బంగాళాఖాతం దాకా వస్తాయి. తీరప్రాంతాల వారికి అలాంటి అలల సూచనలు అందించే జాతీయ సంస్థ ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లోనే ఉంది.

దూరం నుంచి వచ్చిన అలకు రూపం ఇచ్చేది కరియోయి. ఎప్పుడో చల్లారిపోయిన ఈ అగ్నిపర్వతం పుట్టి 20 లక్షల ఏళ్లు దాటింది. దాని లావా బండరాళ్లు ఒడ్డు పొడవునా సముద్రంలోకి దిగి ఉన్నాయి. నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గగానే అల విరుగుతుంది. తిన్నని ఇసుక తీరంలో అల పొడవునా ఒక్కసారే కూలిపోవచ్చు. ఇక్కడ మాత్రం అల కొండ అంచు చుట్టూ వంగుతూ వస్తుంది కాబట్టి ఒక కొస నుంచి రెండో కొసకు వరసగా విరుగుతూ పోతుంది. విరగని భాగం మీద బోర్డు జారుతూ సాగుతుంది. ఒడ్డువైపు ముఖం పెట్టిన సర్ఫర్ ఎడమకు పోతాడు కనుక ఇలాంటి అలను లెఫ్ట్ అంటారు. ఇండికేటర్స్, వేల్ బే, మను బే అనే మూడు చోట్ల ఈ ఎడమ అలలు లేస్తాయి. తుఫాను తుఫానుకూ ఇసుక తిన్నెలు జరుగుతాయి, బండరాళ్లు అంత సులువుగా జరగవు. అందుకే ఇక్కడి అల ఏళ్ల తరబడి ఒకే తీరున విరుగుతుంది. ఆగ్నేయం నుంచి, అంటే నేల మీది నుంచి గాలి వీచే రోజున అల ముఖం నున్నగా నిలబడుతుంది.

నేర్చుకునేవాళ్లు ముందుగా దిగేది నరునుయి తీరంలో. అక్కడి ఇసుక నల్లన. దక్షిణాన ఉన్న తరానాకి అగ్నిపర్వతాల నుంచి వచ్చిన ఇనుప ఖనిజాన్ని తీరప్రవాహాలు ఉత్తరానికి మోసుకొచ్చి ఇక్కడ పోశాయి. అయస్కాంతం పెడితే ఆ రేణువులు అతుక్కుంటాయి. డిసెంబరు, జనవరి నెలలు అక్కడ నడివేసవి. మిట్టమధ్యాహ్నం ఆ ఇసుక మీద చెప్పుల్లేకుండా అడుగు వేస్తే కాలుతుంది. సముద్రం మాత్రం వేసవిలోనూ చల్లగానే ఉంటుంది కాబట్టి సర్ఫర్లు ఒంటికి అతుక్కునే వెట్‌సూట్ వేసుకుంటారు. కొత్తవాళ్లకు పొడుగ్గా, వెడల్పుగా, పైన మెత్తగా ఉండే బోర్డు ఇస్తారు. ముందు ఒడ్డునే బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో తెడ్డు వేయడం, ఒక్క ఊపున లేచి మోకాళ్లు వంచి నిలబడడం నేర్పుతారు. నడుము లోతు నీళ్లలో, విరిగిపోయిన తెల్లటి నురగ మీద తొలి పాఠాలు సాగుతాయి. క్షణకాలం నిలబడి పడిపోయినా, అల తనను మోసిందన్న సంతోషం చాలు, మనిషి మళ్లీ బోర్డు తిప్పుకుని లోపలికి వెళ్తాడు.

ఆ తీరంలో జాగ్రత్త పడవలసింది రిప్ కరెంట్ విషయంలో. ఒడ్డుకు చేరిన నీరు ఇరుకైన దారి వెతుక్కుని వేగంగా సముద్రంలోకి వెనుదిరుగుతుంది. చుట్టూ నురగ ఉండి ఒకచోట మాత్రం నీరు ప్రశాంతంగా కనిపిస్తే ప్రమాదం తరచు అక్కడే ఉంటుంది. విశాఖపట్నం తీరంలో ప్రాణాలు తీసేదీ ఇలాంటి ప్రవాహమే. దానికి ఎదురీదితే అలిసిపోవడం తప్ప ఫలితం ఉండదు. నీటి మీద తేలుతూ చెయ్యెత్తి సాయం కోరాలి. ఈదగలిగితే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. వేసవిలో రక్షకులు ఎరుపు, పసుపు జెండాలు పాతి, వాటి మధ్యే స్నానం చేయమంటారు.

మను బే అనుభవజ్ఞుల చోటు. అడుగున బండలు, పైన పోటీ. అల విరిగే కొసకు ఎవరు దగ్గరగా ఉంటే ఆ అల వారిదే. వారి దారిలోకి మరొకరు చొరబడకూడదు. చేతిలోని బోర్డును వదిలెయ్యకూడదు, వెనకాల ఉన్నవారికి అది తగులుతుంది. ఈ కట్టుబాట్లు ఏ గోడ మీదా రాసి లేకపోయినా అందరూ పాటించవలసినవే.

అలల మీద ఆట ఈ దేశానికి కొత్తది కాదు. యూరోపియన్లు రాకముందే మావోరీలు పలకల మీద అలలెక్కేవారు. బ్రూస్ బ్రౌన్ తీసిన డాక్యుమెంటరీ ది ఎండ్‌లెస్ సమ్మర్ 1966లో విస్తృతంగా విడుదలై మను బే అలను ప్రపంచానికి చూపించింది. ఇప్పుడు ఊరి బడిలోనే సర్ఫింగ్ అకాడమీ ఉంది. టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో ఆడిన బిల్లీ స్టెయిర్‌మండ్ ఈ ఊరివాడే.

అలలూ బోర్డూ అక్కరలేనివారికీ ఇక్కడ సముద్రం ఉంది. రేవు నీళ్లు నెమ్మదైనవి. పోటు మీదున్నప్పుడు టె కోపువా దగ్గరి కాలినడక వంతెన మీది నుంచి పిల్లలు నీళ్లలోకి దూకుతారు. ఆ టె కోపువా నేలకూ ఒక చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాశ్రయం కోసమని ప్రభుత్వం దాన్ని మావోరీల నుంచి తీసుకుంది. యుద్ధం ముగిశాక తిరిగివ్వలేదు. కొంత భాగం గోల్ఫ్ మైదానమైంది. ఈవా రికర్డ్ అనే మావోరీ నాయకురాలు దానికోసం పోరాడి, 1978లో ఆ మైదానంలోనే అరెస్టయింది. చివరికి 1980లలో ఆ నేల తన ప్రజలకు దక్కింది.

రేవును కాపాడుకునే పనిని కూడా ఊరే తలకెత్తుకుంది. పశువులు తొక్కిన వాగుగట్ల మట్టి రేవులోకి కొట్టుకొస్తుంటే, 1995లో మొదలైన హార్బర్ కేర్ బృందం వాగులకు కంచెలు కట్టించి గట్ల మీద లక్షలాది మొక్కలు నాటింది. 2000లో మొదలైన మరో స్థానిక సంస్థ ఊరి చెత్తను వేరుచేసి, పాతిపెట్టే భాగాన్ని బాగా తగ్గించింది. అలను ఏ ఊరూ తయారు చేసుకోలేదు. అది విరిగే నీటిని శుభ్రంగా ఉంచుకోవడం, ఆ తీరానికి అసలు హక్కుదారులను గౌరవించడం మాత్రం ఊరి చేతిలో పని. రాగ్లన్ ఆ పనిని తన సంతోషంలో భాగం చేసుకుంది.