చూడవలసినవేమీ లేవు

“ఇక్కణ్ణించి తాడిపత్రి దాకా చూడవలసినవేమీ లేవు. తెల్లవారుజామునే లేచారు గదా, అందరూ హాయిగా ఓ కునుకు తీయండి” అన్నాడు గైడు, మైకు పుచ్చుకుని.

బస్సు అప్పుడే కొడికొండ కూడలిలో మా యిద్దరినీ ఎక్కించుకుని పెనుకొండ వైపు సాగింది. బెంగుళూరు నుంచి వచ్చిన ముప్ఫైమందీ బుద్ధిమంతులైన బడిపిల్లల్లా కళ్ళు మూసుకున్నారు. కిటికీ పక్కన కూర్చున్న మా అమ్మ మాత్రం నా వైపు తిరిగింది.

“ఏమంటాండాడే ఆ పిల్లోడు?”

“నిద్రపొమ్మంటున్నాడమ్మా.”

“పొద్దన్నే యాల నిద్ర?”

“చూడ్డానికేమీ లేదట.”

మా అమ్మ మాట్లాడలేదు. మా అమ్మ మాట్లాడకపోతే భయపడాలని మా యింట్లో అందరికీ తెలుసు.

ఈ ప్రయాణం మా అన్న ఏర్పాటు. వాడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. గండికోట, నెల్లూరు, మైపాడు సముద్రం, పులికాటు పక్షులు, కాళహస్తి, తిరుపతి. నాలుగు రోజులు, బస, భోజనం, గైడు అన్నీ కంపెనీవాళ్ళవే. డెబ్భై యేళ్ళు నిండినా మా అమ్మ సముద్రం చూడలేదు. “చూసిరా అమ్మా. వచ్చాక ఆ కాగితాల సంగతి చూద్దాం” అన్నాడు మా అన్న. ఆ కాగితాలు ఊరి బయట మాకున్న నాలుగెకరాల మెట్ట అమ్మకానివి. అన్నయ్య మాటలో తప్పేమీ లేదు. పోయిన మూడేళ్ళలో రెండేళ్ళు వేరుశనగకు పెట్టిన విత్తనం ఖర్చు కూడా తిరిగి రాలేదు. నేను బళ్ళో పాఠాలు చెప్పుకునేదాన్ని. ఇద్దరి మధ్యా తీర్పు చెప్పే ధైర్యం నాకు లేక ఊరుకున్నాను.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. గైడు అన్న మాట నాకంత కొత్తగా తోచలేదు. నేను గుంటూరులో ట్రైనింగు చదివే రోజుల్లో “మీది అనంతపురం జిల్లానా? అయ్యో పాపం!” అనేవారు తోటి అమ్మాయిలు. ఆ జాలి భరించలేక తరవాత తరవాత ఎవరడిగినా “బెంగుళూరు దగ్గర” అని చెప్పడం అలవాటు చేసుకున్నాను. 2022లో మా చిలమత్తూరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారింది గాని వాన మారలేదు, నా అలవాటూ మారలేదు.

పెనుకొండ కొండ కనపడగానే మా అమ్మ ముందు సీటులోని పిల్లవాడి భుజం తట్టింది. వాడికి తొమ్మిదేళ్ళుంటాయి. వాళ్ళమ్మా నాన్నా గుర్రు పెడుతున్నారు గాని వాడికి నిద్ర రావడం లేదు.

“నాయనా, ఆ కొండ మింద గోడలు కనపడతాండాయా? హంపీ పాడయినాక రాజులు పరిగెత్తుకుని వచ్చింది ఈడికే.”

“నిజంగానా?” అన్నాడు వాడు. నిజమే. 1565లో తళ్ళికోట యుద్ధం పోయాక విజయనగర రాజులు పెనుకొండనే రాజధాని చేసుకున్నారు. ఆ సంగతి నేను ఏటా పాఠం చెబుతాను. బస్సులో నోరు విప్పి చెప్పాలని మాత్రం నాకు తోచలేదు.

తాడిపత్రి చేరేసరికి పిల్లవాడి వెనక మరో ఇద్దరు చేరారు. బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన కూడా ఇటు చెవి వేశాడు. కోతలైపోయిన చేలు, కంది మోళ్ళు, ఉలవలు నూర్చిన కళ్ళాలు, బండల మధ్య గొర్రెలమందలు, ఎండిన చెరువు నడుమ మిగిలిన పచ్చని చెలమ. ప్రతిదానికీ మా అమ్మ దగ్గర ఒక కథ ఉంది. గైడు ఒకటి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. పాతికేళ్ళ కుర్రవాడు. ముఖం కొంచెం చిన్నబోయింది.

తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి. లింగం దగ్గర నీటి బుగ్గ ఊరుతుంది కనుకనే ఆ పేరు. పూర్తికాకుండా నిలిచిపోయిన గోపురాల మీది శిల్పం చూసి బస్సంతా నోరు తెరిచింది. మా అమ్మ నది వైపు చూసింది. ఇసుక, ఇసుక మధ్య సన్నగా పాయ.

సాయంత్రానికి గండికోట చేరాం. కోట గోడ దాటి, మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యపు కొట్టు చూసుకుంటూ బండల అంచుకు వచ్చాం. కింద సుమారు మూడు వందల అడుగుల లోతున, ఎర్రటి రాతిగోడల మధ్య నీళ్ళు. “దీన్నే భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అంటారు” అని మొదలుపెట్టాడు గైడు. ఎర్రమల కొండల్ని నది ఎలా కోసుకుంటూ పోయిందో చాలా చక్కగా చెప్పాడు. అందుకే ఇది గండికోట అయింది.

“ఏ నీళ్ళు నాయనా ఇవి?” అంది మా అమ్మ.

“పెన్నమ్మా. మా పెన్న.”

“మీదెట్లయితుంది?”

“మాది కోవూరండి. నెల్లూరుకు ఎదురుగా ఏటికి అవతలి గట్టు. పెన్న ఒడ్డునే పుట్టాను.”

“నువ్వు పెన్న ఒడ్డున పుట్టినావు. పెన్న పుట్టింది మా తావున” అంది మా అమ్మ.

అందరూ నవ్వారు. కుర్రవాడు మాత్రం నవ్వలేదు. “మీ తావునా?” అన్నాడు.

అప్పుడు నాలోని పంతులమ్మ మేలుకుంది. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టిన పెన్న హిందూపురం పక్కగా మన రాష్ట్రంలోకి వస్తుంది. ఉత్తరంగా పెన్నహోబిలం దాకా పోయి అక్కడ తూర్పుకు తిరుగుతుంది. మొత్తం పొడవు 597 కిలోమీటర్లు. అదే నంది కొండల నుంచి దక్షిణ పినాకిని తమిళనాడుకు పోతుంది గనుక దీన్ని ఉత్తర పినాకిని అన్నారు. ఆ దిక్కునుంచే చిత్రావతి కూడా బాగేపల్లి మీదుగా వచ్చి, మా ప్రాంతం తాకి, పుట్టపర్తి పక్కనుంచి పోయి ఈ గండికోట దగ్గరే పెన్నలో కలుస్తుంది. “మీ బస్సు పొద్దున చీకట్లో ఆ కొండల పక్కనుంచే వచ్చింది” అన్నాను.

గైడు కాసేపు కింది నీళ్ళ వైపు చూశాడు. తరవాత తన ఊరి సంగతి చెప్పాడు. 2021 నవంబరు వానలకు పెన్న పొంగి వాళ్ళ వీధిలోకి వచ్చిందట. పక్కనే పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడాయట. వాళ్ళ నాయనమ్మను మంచంతో సహా మేడ మీదికి ఎక్కించారట.

ఆ వానలే మాకూ కురిశాయి. ఎప్పుడూ ఇసుకగా ఉండే చిత్రావతి ఆ నెలలో కట్టలు తెంచుకుంది. వెల్దుర్తి దగ్గర ఏటి నడుమ చిక్కుకున్నవారిని హెలికాప్టరుతో కాపాడారు.

“ఐతే మా యింట్లోకి వచ్చింది మీ నీళ్ళేనన్నమాట!” అన్నాడు గైడు.

“తప్పయిపోయింది నాయనా” అంది మా అమ్మ, ఎదురింటి పిల్లి వాళ్ళ పాలు తాగినంత మొహమాటంగా. “ఏం చేసేది? వస్తే అట్లొస్తాది, లేకుంటే రాదు. మాకు నిలవదు. మీ యింటికొచ్చి మీకు నిలవదు.”

ఆ మాటకు ఈసారి అతనూ నవ్వాడు. “ఈ రోజుల్లో ఇందులో కాలువల మీదుగా కృష్ణమ్మ కూడా చేరుతోందమ్మా” అన్నాడు. “చుట్టాలు కలిస్తే మంచిదే” అంది మా అమ్మ.

మర్నాడు ప్రొద్దుటూరు, మైదుకూరు, బద్వేలు దాటాం. కొండలు ఎక్కి దిగేసరికి గాలే మారింది. ఆత్మకూరు దగ్గరనుంచి వరి పచ్చదనం మొదలైంది. సోమశిల దగ్గర ఆపి ఆనకట్ట చూపించాడు గైడు. 78 టీఎంసీల నీళ్ళు పట్టే జలాశయం. మా అమ్మకు టీఎంసీలు తెలియవు. “మన చెరువులు ఎన్ని పడతాయే ఇందులో?” అని నన్నడిగింది. లెక్క నాకు రాలేదు.

సాయంత్రం నెల్లూరులో రంగనాయకస్వామి దర్శనం. గుడి వెనకే పెన్న. తాడిపత్రిలో సన్నపాయగా చూసిన నది ఇక్కడ ఒడ్డు నుంచి ఒడ్డుకు పరుచుకుని ఉంది. 2022లో కట్టడం పూర్తయిన కొత్త బ్యారేజి ఇక్కడ నీటిని నిలబెడుతోంది. మా అమ్మ మెట్లు దిగి, నీళ్ళు నెత్తిన చల్లుకుని, చాలాసేపు కూర్చుంది. మేనత్త ఇంట పెరిగి పెద్దదైన కూతుర్ని చూసినట్టు చూసింది. సంతోషమూ ఉంది, కొంచెం కష్టమూ ఉంది.

మూడో రోజు తెల్లవారకముందే మైపాడు. ఇసుక మీద చెప్పులు విడిచి నడుస్తుంటే చప్పుడు ముందు వినపడింది, తరవాత సముద్రం కనపడింది. సూర్యుడు వచ్చేదాకా మా అమ్మ నా చెయ్యి వదల్లేదు. అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. అల వచ్చి పాదాలు తడిపాక మా అమ్మ వంగి దోసెడు నీళ్ళు తీసుకుని నోట పోసుకుంది. వెంటనే ఉమ్మేసింది.

“పెన్న యాడ కలుస్తాది నాయనా?”

“ఆ ఉత్తరపు దిక్కునమ్మా, ఊటుకూరు దగ్గర. మన ప్రోగ్రాములో లేదు” అన్నాడు గైడు కాస్త నొచ్చుకుంటూ.

మా అమ్మ అటే చూసింది. “అంత దూరం బండల్లో పడి, గండి కొట్టుకుని వచ్చి, కడాకి ఈ ఉప్పులో పడిందా?” అంది. ఆమె గొంతు అలా వినడం నాకు నాన్న పోయిన తరవాత అదే. నది ఒక్కదాని కోసమే ఆ మాట అనలేదని నాకు తెలుసు. నలభై యేళ్ళు దున్నిన చేను ఆమె కళ్ళ ముందుంది.

నాకు జవాబు తోచలేదు. గైడు చెప్పాడు. “ఉప్పు ఇక్కడే ఉంటుందమ్మా, నీళ్ళు ఉండవు. ఆవిరై మబ్బు కడతాయి. అక్టోబరు వచ్చేసరికి ఈశాన్యపు గాలి పట్టుకుని మళ్ళీ మీ వైపే బయలుదేరుతాయి. దోవలో సగం మేమే తాగేస్తాం, అంతే!”

అతను తమాషాకు అన్నాడు గాని అక్షరాలా అది భూగోళ పాఠమే. నైరుతి మబ్బు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని మా దగ్గరికి వట్టి చేతులతో వస్తుంది. ఈశాన్యపు మబ్బు నెల్లూరులో కురిసి, వెలిగొండలు, నల్లమల దాటి, అలిసిపోయి మా ఊరు చేరుతుంది. అందుకే నెల్లూరులో ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్లు కురిస్తే అనంతపురం వైపు సుమారు 550 మిల్లీమీటర్లే. రెండు సముద్రాలకూ మేము దూరపు చుట్టాలం.

“ఐతే మాకూ రవ్వంత మిగల్చండప్పా” అంది మా అమ్మ.

అప్పటికి ఎండ ఎక్కింది. నాలుగు మాటలు చెప్పి గొంతు ఎండిన గైడు తన సీసా తలకిందులు చేశాడు, చుక్క లేదు. మా అమ్మ ఇంటినుంచి స్టీలు క్యానులో తెచ్చుకున్న నీళ్ళు మూడు రోజులుగా పొదుపు చేస్తూ వస్తోంది. పరాయి ఊరి నీళ్ళు ఆమెకు పడవు. మిగిలిన ఆ కాసిన్నీ అతని చేతిలో పోసింది. ఎదురుగా కంటికానినంత మేర నీళ్ళుండగా కోవూరు కుర్రవాడు చిలమత్తూరు బోరు నీళ్ళు తాగాడు.

పులికాటులో రాజహంసల్లాంటి ఎర్రకాళ్ళ పక్షుల్ని చూశాం. కాళహస్తి, తిరుపతి అయ్యాయి. నాలుగో రోజు మదనపల్లె మీదుగా తిరుగు ప్రయాణం. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను కింద భోజనాలు చేశాం. సుమారు ఐదెకరాలు పరుచుకున్న ఒక్క చెట్టు అది. 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. భోజనాలయ్యాక అలవాటుగా అందరూ కళ్ళు మూయబోతున్నారు. గైడు మైకు తీశాడు.

“ఎవరూ నిద్రపోకండి. ఇక్కణ్ణించి కొడికొండ దాకా చూడవలసినవి ఉన్నాయి. నాకు తెలియదు, అమ్మగారు చెబుతారు.”

మా అమ్మ మైకు తోసేసింది. “అదెందుకు? నా గొంతు ఈ గెనుం మింద నుంచి ఆ గెనుం దాకా వినపడతాది” అని సీటు పట్టుకుని నిలబడింది. గోరంట్ల వచ్చేదాకా కూర్చోలేదు. బస్సులో ఒక్కరూ నిద్రపోలేదు.

ఆ రాత్రి మా అన్న ఫోను చేశాడు. సముద్రం ఎలా ఉందని అడిగి, ఆ తరవాత కాగితాల సంగతి కదిపాడు.

“వాన పుట్టే తావు చూసొచ్చినారా” అంది మా అమ్మ. “అది అంత దూరం నుంచి బయలుదేరి వచ్చేటప్పటికి చేను మనది కాకుంటే, అది ఎవరింటికి వచ్చినట్టు? ఈ ఒక్క యేడు చూద్దాం.”

అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. “సరేలే అమ్మా, విత్తనాలకు నేను పంపిస్తాను” అన్నాడు. వచ్చే యేడు ఏమవుతుందో నాకు తెలియదు. వాన రాకపోతే కాగితాలు మళ్ళీ బయటికి వస్తాయి, అదీ నిజమే.

నా సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. మొన్న మీటింగులో ఒక టీచరమ్మ “మీదేవూరండీ?” అని అడిగింది. “బెంగుళూరు ద...” అని నోటిదాకా వచ్చింది.

“మాది చిలమత్తూరండీ” అన్నాను. “పెన్న పుట్టిన దిక్కు.”