నీలి గౌను రాకుమారి

స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ 1659లో వేసిన మార్గరీటా రాకుమారి చిత్రాన్ని చూస్తూ నకలు వేస్తున్నాను. నూనె రంగులు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి గురువు దొరకరని నా నమ్మకం. ఆయనదే ‘లాస్ మెనీనాస్’ అనే చిత్రం మధ్యలో నిలబడ్డ పాప ఈమే. ఇందులో ఎనిమిదేళ్లది. తర్వాత ఈమెను పెళ్లాడిన లియోపోల్డ్ చక్రవర్తి స్వయానా మేనమామ. మాడ్రిడ్ నుంచి ఆయన కొలువుకి పంపిన బొమ్మ కాబట్టే అసలుది ఇప్పటికీ వియన్నాలో ఉంది.

ముందు టర్పెంటైన్‌తో పల్చన చేసిన గోధుమ రంగుతో వెలుగు నీడలు మాత్రమే వేసుకున్నాను. నీలం ఆ తర్వాతే. కింది పొరలో నూనె తక్కువ, పైకి వెళ్లేకొద్దీ అవిసె నూనె ఎక్కువ ఉండాలి. లేకపోతే పైపొర ముందే ఆరిపోయి, కింది పొర కదిలినప్పుడు బీటలు వారుతుంది.

ఆ గౌను మీది వెండి పట్టీల దగ్గరే ఆగిపోయాను. దగ్గరగా చూస్తే బూడిద రంగు మరకలు, వాటి మీద తెల్లటి విదిలింపులు, అంతే. నాలుగడుగులు వెనక్కి వేస్తే జరీ తళుక్కుమంటుంది! ప్రతి దారాన్నీ గీయాలన్న ఆరాటం వెలాస్కెజ్‌కి లేదు. అరవై ఏళ్ల వయసులో, చనిపోవడానికి ఏడాది ముందు, ఎంత నిబ్బరమైన చెయ్యి! చిత్రకారుడు సార్జెంట్ అంతటివాడు 1879లో మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో కూర్చుని వెలాస్కెజ్‌ని నకలు చేశాడంటే ఆశ్చర్యం లేదు.

ఇక ముఖం మొదలుపెట్టాలి. పసిబుగ్గల రంగు ఎలా కలుపుతారో, నూనె రంగుల్లో చెయ్యి తిరిగినవాళ్లు చెప్పండి.