కాలువలు కట్టేసిన సెలవులు



వేసవి సెలవులు వస్తున్నాయంటే పిల్లలు అడిగే మొదటి మాట, "ఈసారి ఎక్కడికి వెళ్తున్నాము?" అని. గత వేసవిలో మా ఇంట్లో దీనికి జవాబు ముందే సిద్ధముగా ఉన్నది. విశాఖపట్టణము నుండి రైలులో అరకు లోయకు వెళ్ళి రావాలని క్రిస్మస్ దాటగానే అనుకున్నాము. సొరంగములలో నుండి వెళ్ళే ఆ రైలు సంగతి మా అమ్మాయీ అబ్బాయీ బడిలో అందరికీ చెప్పుకున్నారు.

తీరా ఏప్రిల్‌లో లెక్క చూచుకుంటే, చేతిలో ఉన్నది జూన్‌లో కట్టవలసిన ఫీజులకే సరిపోయేటట్లున్నది. ప్రయాణము మానుకున్నాము. అయితే ఆ మాట పిల్లలకు చెప్పే ధైర్యము చాలక, రెండు వారములు "చూద్దాములే" అంటూ దాటవేశాము. ఆదివారము నాడు సత్యమే పలకాలని బోధించే మేము ఇంట్లో చేసిన పని ఇది! చివరకు ఒక రాత్రి భోజనాల దగ్గర అబ్బాయి నేరుగా అడిగితే చెప్పక తప్పలేదు. వాడు ఏడ్వలేదు. "అరకు పోతే పోయింది నాన్నా. మే నెలంతా మీరు వి.బి.ఎస్.లకూ పెళ్ళిళ్ళకూ అందరి ఇళ్ళకూ వెళ్తారు. మనింట్లో ఎప్పుడుంటారు?" అన్నాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మరునాడు తెల్లవారుజామునే పిల్లలిద్దరినీ తీసుకొని కాలువ గట్టుకు వెళ్ళాము. మాది నరసాపురము దగ్గరి పల్లె. విజ్జేశ్వరము దగ్గర గోదావరి నుండి బయలుదేరిన నీరు మా ఊరి వరకు వస్తుంది. అప్పటికే కాలువలు కట్టేశారు. అడుగున బురద, అక్కడక్కడ గుంటలలో చిన్న చేపలు. "నీళ్ళు ఎందుకు ఆపేస్తారు నాన్నా?" అని అమ్మాయి అడిగింది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్టను పూర్తి చేయించిన సంగతీ, దాని స్థానములో 1982 నాటికి కొత్త బ్యారేజి వచ్చిన సంగతీ, ఆ నీటితోనే డెల్టాలో 10 లక్షల ఎకరాలకు పైగా పండుతున్న సంగతీ చెప్పాము. "నీరు పారుతుంటే పూడిక తీయలేరమ్మా. గట్లు బాగుచేయాలన్నా, లాకుల తలుపులు చూడాలన్నా కొన్నాళ్ళు ఆపవలసిందే" అన్నాము. అన్న తరువాత, ఆ మాట మాకే వచ్చి తగిలింది.

ఇంటికి వచ్చి ఒక ఒప్పందము చేసుకున్నాము. ఉదయము సంఘము పని. మధ్యాహ్నము 12 గంటల నుండి సాయంత్రము 5 గంటల వరకు ఇల్లు కదలము. చావుబ్రతుకుల కబురు వస్తేనే వెళ్తాము.

మొదటి వారము ఏమంత బాగా జరగలేదు. కరెంటు పోతే విసనకర్ర కోసము పిల్లలు కొట్టుకున్నారు. వారితో ఏమి మాట్లాడాలో మాకు తెలియలేదు. మార్కులు అడిగాము, ఆ తరువాత మాటలు అయిపోయాయి.

ఆ ఖాళీలో అమ్మాయి మామ్మ పక్కన చేరి లేసు అల్లిక నేర్పమన్నది. నరసాపురము ప్రాంతములో ఇది ఇంటింటి పని. 19వ శతాబ్దములో స్కాట్లాండు నుండి వచ్చిన మెక్రే దంపతులు మన స్త్రీలకు నేర్పినది. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా అమ్మ వసారాలో కూర్చుని అల్లుతుంటే కాలక్షేపమని మేము చిన్ననాటి నుండి అనుకున్నాము. లోకము కూడా అలాగే అనుకున్నది. మరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు 1982లో ఈ స్త్రీలను గూర్చి ఒక పుస్తకమే ప్రచురించారు. ఇంట్లో కూర్చుని తీరిక వేళ చేసే పని అన్న పేరు పెట్టి, వారి కష్టమునకు అతి తక్కువ కూలి ఇస్తున్నారని అందులో చూపించారు.

"ఈ డబ్బులు ఏమి చేసేదానివి మామ్మా?" అని మనుమరాలు అడిగింది. మా అమ్మ తల ఎత్తకుండానే, "మీ నాన్న బైబిలు చదువుకు వెళ్ళేటప్పుడు పెట్టే, దుప్పటీ, రైలు చార్జీ దీనితోనే" అన్నది. మేము పక్క గదిలో ఉండి విన్నాము. నలభై ఏండ్లు దాటిన తరువాత, ప్రయాణము మానుకొని ఇంట్లో ఉన్నందున, మాకు ఈ మాట తెలిసింది.

ఆ తరువాత పిల్లల కళ్ళు వాళ్ళ అమ్మ వైపు తిరిగాయి. "అమ్మకు సెలవులు ఎప్పుడు?" అన్నారు. దానికి జవాబు మా దగ్గర లేదు. నీళ్ళు మోయడము, అంట్లు తోమడము ముగ్గురము పంచుకున్నాము. మేము వార్చిన అన్నము మొదటిరోజు ముద్ద అయినది. ఆవకాయ పెట్టిన నాడు ముక్కలు తుడిచే పని మా అబ్బాయిది, కొట్టే పని మాది. మా శ్రీమతి నవ్వి, "అరకు వెళ్ళినా అక్కడా వంట నేనే చేద్దును. నాకు ఈ సెలవులే బాగున్నాయి" అన్నది.

జూన్‌లో కాలువకు నీరు వదిలారని తెలిసి నలుగురమూ గట్టుకు పరుగెత్తాము. ముందు ఎర్రని నీరు, గడ్డీ చెత్తా తోసుకుంటూ మెల్లగా వచ్చింది. అబ్బాయి మా చేయి పట్టుకొని, "వచ్చే సంవత్సరము అరకు వెళ్దామా నాన్నా?" అన్నాడు. ఈసారి "చూద్దాములే" అనలేదు. "డబ్బు కూడితే వెళ్దాము. కూడకపోతే ముందే చెబుతాను" అన్నాము.

ప్రియులారా, ప్రయాణము చేయగలిగినవారు సంతోషముగా వెళ్ళి రండి. వెళ్ళలేనివారు పిల్లల ముందు చిన్నబుచ్చుకోవద్దు. ఉన్న సంగతి వారికి ముందే చెప్పండి. ఆ నాలుగు రోజులు ఇంట్లో మీరు నిజముగా ఉండండి. మన ఇండ్లలోనూ తీయవలసిన పూడిక ఉన్నది.