మనుమల ప్రశ్నలు, అవ్వల ప్రార్థనలు

ఊరు విడిచి వచ్చిన కుటుంబము తన పొలమును వెంట తెచ్చుకొనజాలదు, చెరువును తెచ్చుకొనజాలదు. ఇంట మాటాడు మాటయు, దీపము పెట్టిన వేళ చేయు ప్రార్థనయు మాత్రము సామానులతో పాటు బండి యెక్కి వచ్చును. ధర్మపురి సీమలో తరతరములుగా కాపురమున్న తెలుగువారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. మన కుటుంబములలో క్రైస్తవులవి కొన్ని మాత్రమే; మా యిల్లు వానిలో నొకటి. మా విశ్వాసమును గూర్చి పిన్నలతో ఎట్లు మాటాడవలెనన్నది మాకు కొన్నేండ్లుగా ఆలోచింపవలసిన విషయమైనది. తిరుమలేశుని కొలుచు మా పొరుగిండ్లలోను, మా చుట్టములలోను అదే చిక్కు వేరొక రూపున కనబడుచున్నది గనుక, ఈ సంచికలో దానిని ప్రస్తావించుచున్నాము.

సేలము జిల్లానుండి వేరుపడి ధర్మపురి 1965లో ప్రత్యేక జిల్లా యయ్యెను. 2004లో కృష్ణగిరి జిల్లా విడిపోయినప్పుడు, తెలుగువారు ఎక్కువగా నివసించు హోసూరు ప్రాంతము అందులో చేరినది. ధర్మపురిలో మిగిలిన మనము మరింత పలుచనైతిమి. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టముచే ఒకటవ తరగతితో మొదలుకొని ఏటేట పై తరగతులకు తమిళము తప్పనిసరి పాఠ్యమైనది. మన పిల్లలు తమిళమును చక్కగా నేర్చిరి. అందుకు సంతోషింపవలసినదే. ఔవైకు నెల్లికాయ నిచ్చిన అదియమానుడు ఏలిన నేల యిది. ఈ నేల భాష రాని బిడ్డ ఇచ్చట పరాయివాడే యగును. కాని తెలుగు అక్షరము మాత్రము పలు ఇండ్లలో పెద్దలతోనే ఆగిపోయినది.

మా యింట రాత్రి ప్రార్థనలో అవ్వ తెలుగు బైబిలు చదువును. మనుమడు తమిళ వేదపుస్తకము తెరచి, అదే అధ్యాయమును వ్రేలితో వెంబడించును. మాటలు అంత దూరమైనవి కావు. మన విశ్వాసము వారికి విసువాసము, మన కృప వారికి కిరుబై, మన సిలువ వారికి సిలువై. ఈ సిలువ యను మాట సురియాని భాషలో పుట్టి దక్షిణదేశమునకు వచ్చినది. మనకును వారికిని అది సమానముగా అతిథియే. అయినను ఒక్కొక్కప్పుడు చిన్న మాటయే పెద్ద యెడము తెచ్చును. తమిళ క్రైస్తవులు ప్రార్థనను జెబము అందురు. "జెబం చేద్దాం" అని పిల్లవాడనగా అవ్వకు అది జపమని వినబడును. "మనం జపం చెయ్యం నాయనా, ప్రార్థన చేస్తాం" అని ఆమె దిద్దును. ఇద్దరును కోరునది ఒక్కటే.

ఒకనాడు ఆ పిల్లవాడు, "అవ్వా, దేవుడికి తమిళం రాదా?" అని యడిగెను. కూర్చున్న పెద్దలలో ఒకరిద్దరికి కోపము వచ్చినది. అవ్వ మాత్రము నవ్వి, "ఆయనకు వస్తుంది నాయనా, నాకే సరిగా రాదు. నువ్వు చదువు, నేను వింటాను. అర్థం కానిచోట నాకు చెప్పు" అనెను. వాడు తప్పిపోయిన కుమారుని కథ చదివెను. చదివి ఊరకుండలేదు. ఇంటనే ఉండి చాకిరి చేసిన అన్నకు కోపము వచ్చుట న్యాయమే కదా యని వాదమునకు దిగెను. ఆ కథను వాడు పలుమార్లు వినియుండెను. కాని అన్నగారి పక్షమున నిలిచి ప్రశ్నించినది ఆ రాత్రియే. తన భాషలో చదివినప్పుడు ఆ కథ వాని సొంత కథ యైనది.

వలస కుటుంబములలో భాషయు భక్తియు ఒకే ముడిగా నుండును. పిల్లవాడు తెలుగు అక్షరము మరచినచో భక్తియే మరచినాడని పెద్దలు బెంగపడుదురు. ప్రశ్న వేసినచో విశ్వాసమే విడుచుచున్నాడని భయపడుదురు. ఈ రెండు భయములును ఇంటిలో మాటను ఆపివేయును. మాట ఆగిన పిదప పెద్దల యొద్దనుండి పిన్నలకు అందునది పుస్తకపు అట్ట మాత్రమే. కావున పిల్లవాడు ఏ భాషలో అడుగునో ఆ భాషలోనే ముందు బదులు చెప్పవలెనని మా యభిప్రాయము. తెలుగు నేర్పుట వేరుగా, ప్రేమతో చేయవలసిన పని.

దీనికి మన చరిత్రలోనే గొప్ప నిదర్శనము కలదు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి సీమలో జన్మించిన తమిళుడు. 1903లో తిరునెల్వేలిలో భారతీయ మిషనరీ సంఘమును స్థాపించినవారిలో ఒకరు. పిమ్మట తెలుగు నేలయైన దోర్నకల్లునకు వచ్చి, తెలుగు నేర్చి, పల్లెపల్లెను తెలుగుననే బోధించెను. 1912లో ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పు అయ్యెను. ఆయన పూనికతో దోర్నకల్లున లేచి 1939లో ప్రతిష్ఠింపబడిన దేవాలయము, హిందూ ముస్లిం శిల్పరీతులను కలుపుకొని నేటికిని నిలిచియున్నది. తమిళుడొకడు తెలుగువారి కొరకు తెలుగు నేర్చెను. తెలుగు అవ్వ తన మనుమని కొరకు నాలుగు తమిళ మాటలు నేర్చుట అంతకంటె కష్టమా?

అట్లని తెలుగును విడువుమని మేము చెప్పుట లేదు. పురుషోత్తమ చౌధరి వంటి పందొమ్మిదవ శతాబ్దపు భక్తకవులు రాగతాళములతో కూర్చిన క్రైస్తవ కీర్తనలు మా యిండ్లలో ఇంకను వినబడుచున్నవి. పిల్లలు వానిని తమిళ లిపిలో వ్రాసికొని పాడుదురు. ఇందులో చిన్నతనమేమియు లేదు. తిరువయ్యారున వెలసిన త్యాగరాజస్వామి (1767–1847) తెలుగు కృతులను, తెలుగు చదువరాని తమిళ గాయకులెందరో తమ లిపిలో వ్రాసికొనియే నేర్చిరి. అయితే పాట లిపి మార్చుకొని బ్రతుకగలదు గాని, దాని అర్థము ఎవరో ఒకరు ప్రక్కన కూర్చుండి చెప్పిననే బ్రతుకును. కీర్తన ముగిసిన తరువాత ఒక్క చరణమునకు తాత్పర్యము చెప్పుటకు ఐదు నిమిషములు చాలును.

భాష చక్కబడినను కఠినమైన ప్రశ్నలు మిగులును. "పెదనాన్న వాళ్లింటి పూజలో మనం ఎందుకు కూర్చోం?" "అంత ప్రార్థన చేసినా తాతకు నయం కాలేదేం?" "అందరూ దేవుని పిల్లలైతే పెండ్లికి కులం ఎందుకు చూస్తారు?" ఇవి మా యింటి పిల్లలు అడిగినవే.

మొదటిదానికి బదులు మాటలో కంటె నడతలో నున్నది. వారి పూజలో మేము పాలుగొనము. వారి పంక్తిలో కూర్చుండి భోజనము చేయుదుము. క్రిస్మసునకు వారును మా యింటికి వచ్చుదురు. వారి దేవుని ఎగతాళి చేసి మన దేవుని గొప్పచేయుట మా యింట లేదు. రెండవ ప్రశ్నకు మా యొద్ద సమాధానము లేదు. ఆ మాటయే పిల్లలతో చెప్పి, తాత మంచము చుట్టును కూర్చుండి, ఆయన చేయి పట్టుకొని మరల ప్రార్థించితిమి. ఆయన కన్నుమూసిన తరువాత పిల్లలు తలచుకొనునది ఆ చేతి వెచ్చదనమునే.

మూడవ ప్రశ్నకు కంఠపాఠముగా నేర్చిన వాక్యము చాలదు. సంఘములలోను కులము కలదని ఒప్పుకొనియే మాట మొదలుపెట్టవలెను. గుఱ్ఱం జాషువ (1895–1971) కులముచే వెలియైనవాని మొరను గబ్బిలము కావ్యమున వినిపించెను. ఆయన రచించిన క్రీస్తు చరిత్రకే 1964లో కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారము లభించినది. నిష్ఠురము పలికిన ఆ కలమే క్రీస్తు కథయు చెప్పినదని తెలిసినప్పుడు, ప్రశ్నించుట భక్తికి ద్రోహము కాదని పిల్లలు గ్రహింతురు.

మన మనుమలు ఏ భాషలో ప్రార్థింతురో, అసలు ప్రార్థింతురో లేదో, మనము నిర్ణయింపజాలము. ఆ వేళ వారికి జ్ఞాపకమునకు వచ్చు పెద్దల గొంతు కసరిన గొంతో, ఓపికతో బదులు చెప్పిన గొంతో, అది మాత్రము నేడు మన చేతిలో నున్నది. ధర్మపురి తెలుగు కుటుంబములన్నియు, ఏ దేవుని కొలిచినను, రాత్రి భోజనమునకు ముందు పిల్లల ప్రశ్న ఒక్కదానికైన చోటుంచవలెనని మా విన్నపము.