కాకెంజీ రేవులో తాపీ పని

తాపీ మొన వాడకండి, అంచు వాడండి. కాకెంజీ రేవు తవ్వకానికి కొత్తగా వచ్చిన వాలంటీరుకు ముందు చెప్పే మాట ఇదే. మోకాళ్ళ మీద కూర్చుని మట్టిని మీ వైపుకు గీరుకుంటూ వెనక్కి జరగాలి. శుభ్రం చేసిన చోట మళ్ళీ కాలు పెట్టకూడదు. నడుం పట్టేస్తుంది, మొదట్లో అందరికీ అంతే.

స్కాట్లండ్‌లో ఎడిన్‌బరోకు తూర్పున, సముద్రపు ఒడ్డున ఉంది ఈ రేవు. 1722లో ట్రనెంట్ బొగ్గు గనుల నుంచి ఇక్కడికి చెక్క పట్టాల దారి వేశారు. స్కాట్లండ్‌లో తొలి రైలుదారి అదే. బొగ్గు బండి వాలులో తనంతట తానే దిగేది, బ్రేకు పట్టుకుని ఒక మనిషి దాని వెంట ఉండేవాడు. ఖాళీ బండిని గుర్రం పైకి లాగేది. దిగిన బొగ్గులో కొంత ఓడలకెక్కేది, కొంత ఉప్పు పొయ్యిల్లోకి పోయేది.

మాది చినగంజాం. మా ఉప్పు కొఠార్లలో నీటిని ఇగిర్చేది ఎండ. ఇక్కడ అంత ఎండ ఎక్కడిది? సముద్రపు నీటిని పెద్ద ఇనప పళ్ళేల్లో పోసి బొగ్గుతో మరిగించేవారు. టన్ను ఉప్పు దిగాలంటే 6 నుంచి 8 టన్నుల బొగ్గు కాలాలి. మరిగే నీటిలో ఎద్దు రక్తం కలిపితే మురికంతా దానికంటుకుని నురగగా పైకి తేలేది, తీసి పారేసేవారు. అంత బొగ్గు కాలిన చోట బూడిద ఎంత ఉంటుందో ఊహించండి. మా ట్రెంచ్ నిండా నలుపే.

అసలు పనితనం ఇక్కడే ఉంది. నల్లగా కనిపించిందల్లా బొగ్గు కాదు. బొగ్గు ముక్కను విరిస్తే చదునుగా మెరుస్తుంది. క్లింకర్‌కు, అంటే బొగ్గు కాలాక మిగిలే గట్టి చిట్టానికి, గాజులాంటి పైపూత, ఒంటి నిండా బుడగల చిల్లులు. తాపీ తగిలితే కర్రుమంటుంది. కుళ్ళిన చెక్క అయితే చప్పుడే చెయ్యదు, మెత్తగా పూసుకుపోతుంది. ఈ తేడా నాకు నేర్పింది గనిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. కళ్ళు మూసుకుని వేళ్ళతోనే చెప్పేవారు. ఆయన పక్కన మోకాళ్ళ మీద గడిపిన వేసవి నాకు ఏ క్లాసులోనూ దొరకని చదువు.

ఒక మధ్యాహ్నం నా తాపీ కింద చప్పుడు ఆగిపోయింది. గీరిన కొద్దీ ముదురు రంగు చారలు, ఒకదాని పక్కన ఒకటి, దారికి అడ్డంగా. సూపర్‌వైజర్‌ను పిలిచాను. ఆవిడ వంగి చూసి, "ఇక ముట్టుకోకు. తడుపు. తర్వాత గియ్యి" అన్నారు. స్ప్రే సీసాతో నీళ్ళు చల్లగానే ఎండి వెలిసిన మట్టిలో రంగులు విడివిడిగా లేచాయి. స్లీపర్లు, అంటే పట్టాల కింద అడ్డంగా వేసే దుంగలు! చెక్క చాలావరకు పోయినా దాని ఆకారం మట్టిలో నిలిచింది. ఈ నీళ్ళ చిట్కా మరిచిపోకండి. తడి చెక్కకు గాలి తగిలితే బీటలిచ్చి రాలిపోతుంది, కాబట్టి గోనెగుడ్డ కప్పి తడుపుతూనే ఉండాలి. గీసేది, ఫోటో తీసేది కూడా చెక్క ఎండేలోపే.

నాకు బాధగా ఉండేది మట్టి పైపుల దగ్గర. పొగాకు పైపు తొడిమ లోపలి చిల్లు ఎంత పెద్దదైతే సాధారణంగా అంత పాతది. కాలం లెక్కకు అది బాగా పనికొస్తుంది. దాన్ని పీల్చినవాడి పేరు మాత్రం దొరకదు. 1606 చట్టం ఇక్కడి గని కూలీలను, ఉప్పు పనివాళ్ళను యజమానికి కట్టిపడేసింది. సెలవు పత్రం లేకుండా పని వదిలి పోకూడదు. 1775, 1799 చట్టాలు వచ్చేదాకా అదే బతుకు. రైలుదారి వేయించిన యార్క్ బిల్డింగ్స్ కంపెనీ పేరు ప్రతి పుస్తకంలో ఉంది. అందుకే పైపు ముక్కను చిన్నదని చెత్త మట్టిలో పారేస్తే నాకు కోపం వస్తుంది.

సాయంత్రం పనిముట్లు కడిగాక వెళ్ళిపోవద్దు. దొరికిన ప్రతి ముక్క సంచిలోకి, సంచి మీద కాంటెక్స్ట్ నంబరు, అంటే ఏ మట్టి పొరలో దొరికిందో ఆ గుర్తు. బొమ్మ మీద ఉత్తరం గీత, స్కేలు, తేదీ ఉన్నాయో లేదో చూసుకోండి. ఏది లేకపోయినా సూపర్‌వైజర్ కాగితం వెనక్కి ఇచ్చేస్తారు.